"పడకుండా చూసుకోండి చాలు" అన్నాను

రాత్రి రెండున్నర, మూడు ఆ ప్రాంతంలో వంటింట్లో లైటు వెలిగేది. వెళ్లి చూస్తే అమ్మ బియ్యం డబ్బా ముందు నిలబడి ఉండేది. "కాల్ బాయ్ వచ్చిపోయినాడు పాపా, మీ నాయనకు క్యారియర్ కట్టల్ల" అనేది.

మా నాన్న గుంతకల్లులో గూడ్స్ గార్డు. (2022లో ఆ ఉద్యోగం పేరు ట్రైన్ మేనేజర్ అని మార్చారు. నాన్న వింటే నవ్వేవాడు.) గార్డులకి, డ్రైవర్లకి డ్యూటీ ఎప్పుడు పడుతుందో తెలిసేది కాదు. ఏ అర్ధరాత్రో కాల్ బాయ్ పుస్తకం పట్టుకొని క్వార్టర్స్‌కి వచ్చి తలుపు కొట్టేవాడు, సంతకం పెట్టించుకొని వెళ్లేవాడు. నాన్న తయారై బయల్దేరేలోపు అమ్మ వంట చేసి క్యారియర్ కట్టేది. ముప్పై ఏళ్లు అదే పని. నాన్న పోయి పదకొండేళ్లయింది. కాల్ బాయ్ మాత్రం బెంగళూరులో మా రామమూర్తినగర్ ఫ్లాటుకి, మూడో అంతస్తుకి, రోజూ వస్తూనే ఉన్నాడు.

2023 మార్చిలో ఒక రాత్రి అమ్మ గడియ తీసుకొని కిందికి దిగిపోయింది. చేతిలో ఖాళీ స్టీలు డబ్బా. "టేషన్‌కి దోవ ఎట్ల పోవల్ల?" అని వాచ్‌మన్‌ని అడిగిందట. అతనిది నేపాల్. ఏం అర్థమైందో ఏమో, కుర్చీ వేసి కూర్చోబెట్టి నాకు ఫోన్ చేశాడు.

ఇది డిమెన్షియా, అంటే జ్ఞాపకం తరిగిపోయే జబ్బు, అని అంతకు ముందు ఏడాదే మెదడు, మనసు జబ్బుల ఆస్పత్రి నిమ్హాన్స్‌లో చెప్పారు. పొద్దు వాలినప్పటి నుంచి తికమక పెరగడం ఈ జబ్బులో మామూలేనని, దానికి సన్‌డౌనింగ్ అనే పేరు కూడా ఉందని అక్కడే తెలిసింది. మన దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని 2023లో ఒక పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. వృద్ధుల ఓపీ బయట బెంచీ మీద కూర్చుంటే అంతమందీ ఆ వరండాలోనే ఉన్నట్టు అనిపించింది. మందు రాశారు. మందుతో జబ్బు వెనక్కి పోదని కూడా అప్పుడే చెప్పారు.

ఇంకో సంగతి. అమ్మకు కన్నడ బాగా వచ్చేది. గుంతకల్లుకు బళ్లారి ఎంత దూరమని! బెంగళూరు వచ్చిన కొత్తలో కూరగాయల బండివాళ్లతో నాకంటే గట్టిగా బేరమాడేది. జబ్బు మొదలయ్యాక ముందు పోయింది ఆ కన్నడే. పెద్దయ్యాక నేర్చుకున్న భాష ముందు జారిపోవడం, తల్లిభాష చివరిదాకా నిలబడడం ఈ జబ్బున్న చాలామందిలో కనిపిస్తుందట. అప్పుడు నాకది వింతగా అనిపించింది, అంతే. అమ్మను చేర్చడానికి వృద్ధుల హోమ్ వెతికేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది అదేనని తెలిసేసరికి ఎనిమిది నెలలు పోయాయి.

ఇంట్లో ఆయాను పెట్టి చూశాం. ఏజెన్సీ ద్వారా, రాత్రీ పగలూ ఉండే మనిషికి నెలకు 28 వేలు, భోజనం మనదే. ఏడు నెలల్లో ఐదుగురు మారారు. ఒకమ్మాయి పండక్కి ఊరికెళ్లి ఫోన్ స్విచాఫ్ చేసుకుంది. నేను బ్యాంకులో పనిచేస్తాను. ఆయా రాని రోజు ఆడిట్ ఉంటే పరిస్థితి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మా ఆయన చాలా ఓపిక మనిషి, ఆయనే ఒక రాత్రి ఏమీ అనకుండా హాల్లోకి వెళ్లి కూర్చున్నారు. తిట్టినా బాగుండేది.

హోమ్ అన్న మాట మొదట అన్నది న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడు. నేను రెండు వారాలు వాడితో మాట్లాడలేదు. తర్వాత మూడు నెలలకు ఆ మాట నేనే అన్నాను. ఈసారి వీడియో కాల్‌లో వాడు ఏడ్చాడు. డబ్బు దగ్గర మాత్రం ఒక్కమాట రానివ్వలేదు, ఇప్పటికీ సగం కంటే ఎక్కువే పంపుతాడు.

మా మేనమామ ఊరి నుంచి వచ్చి, తల్లిదండ్రుల్ని చూడని పిల్లల మీద కేసు పెట్టడానికి 2007 చట్టం ఉందని గుర్తు చేశాడు. చట్టం ఉన్నమాట నిజమే. దాని కింద ట్రిబ్యునల్ ఇప్పించగల భరణం నెలకు 10 వేలకు మించకూడదు. నేను మాట్లాడుకున్న హోమ్‌కి నెలకు 42 వేలు. కాఫీ ఇచ్చి పంపించాను.

ఆ 42 వేలు ఇద్దరు పంచుకునే గదికి. డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ వేరే. మూడు నెలలది అడ్వాన్సు. ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే పక్కన ఉండే మనిషిని మనమే చూసుకోవాలని కాగితంలో రాసుంటుంది, చాలామంది చూడరు. ఇన్సూరెన్సు దేనికీ పనికిరాదు: స్నానం చేయించడం, తినిపించడం లాంటి సంరక్షణ ఖర్చు ఇవ్వబోమని మామూలు హెల్త్ పాలసీలన్నిటిలో ఒక నిబంధన ఉంటుంది. డెబ్బై దాటినవాళ్లకు 2024లో వచ్చిన ఆయుష్మాన్ కార్డు ఆస్పత్రిలో చేర్చితేనే. అమ్మకు రైల్వే ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, ఎనభై దాటాక దాని బేసిక్‌లో 20 శాతం అదనంగా కలిసింది. అది మందులకు, డైపర్లకు సరిపోతుంది.

హొరమావు, హెణ్ణూరు, కొత్తనూరు వైపు మొత్తం ఏడు హోమ్‌లు చూశాను. దాదాపు అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఎవరో ముచ్చటపడి కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు, హాలు మధ్యలో అడ్డంగా ప్లైవుడ్ గోడ, పూజగదిలో మందుల అల్మరా, గేటుకి తాళం. అందరినీ ఒకే ప్రశ్నలు అడిగాను. సీసీటీవీ ఉందా, డాక్టర్ ఎన్నిసార్లు వస్తారు, అంబులెన్సు ఎంతసేపట్లో వస్తుంది. వీటిలో తప్పేం లేదు. కానీ అన్నిచోట్లా చివరికి ఒక మాట అనేదాన్ని: "మిగతావి ఎలా ఉన్నా సరే, పడకుండా చూసుకోండి చాలు." ఇంట్లో రెండుసార్లు పడింది. తుంటి ఎముక విరిగి మంచాన పడినవాళ్లను మా బంధువుల్లోనే ముగ్గురిని చూశాను. ఆ భయం.

చివరికి చేర్చిన హోమ్‌లో మేనేజర్ నా మాట విని, ఫైలు మీద ఎర్ర పెన్నుతో ఫాల్ రిస్క్ (పడే ప్రమాదం) అని రాసి కింద రెండు గీతలు గీశాడు. ఆ గీతలు చూసి నాకు ఎంత తృప్తిగా అనిపించిందో!

2023 జూన్‌లో చేర్చాం. గేటు దగ్గర గణపతి, లోపల చేపల తొట్టి, గచ్చు మీద మన ముఖం కనపడేంత శుభ్రం. మొదటి వారం రావద్దన్నారు, మనిషి అలవాటు పడాలంటే ఇంటివాళ్లు కనపడకూడదట. సరేనన్నాను. ఇప్పుడైతే అనను. ఆ వారంలో అమ్మ ఎవర్ని ఏమని పిలిచిందో, తెలుగులో ఏం అడిగిందో చెప్పగలిగినవాళ్లు ఆ ఇంట్లో ఒక్కరూ లేరు. ఆయాలు నలుగురూ ఒడిశా, జార్ఖండ్ పిల్లలు. మంచివాళ్లు. హిందీలో "దాదీ, దాదీ" అంటూ ప్రేమగానే ఉండేవాళ్లు. అమ్మకు దాదీ అంటే ఏమిటో తెలియదు.

అక్కడి రోజు ఎలా నడుస్తుందో మెల్లమెల్లగా తెలిసింది. స్నానాలు పొద్దున ఐదింటికే మొదలు. ఇరవై మందికి స్నానం చేయించి, బట్టలు మార్చి, ఏడున్నరకు వచ్చే పగటి ఆయాలకు అప్పగించాలి, లేకపోతే వాళ్లు గొడవ పెడతారు. మా అమ్మ జీవితమంతా ఇంటి పనులన్నీ అయ్యాక పదింటికి, దేవుడి దగ్గర దీపం పెట్టే ముందు నీళ్లు పోసుకున్న మనిషి. ఐదింటికి చలిలో లేపి కమోడ్ కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లు పోస్తే అరవదా? అరిచేది. రిజిస్టర్లో "సహకరించడం లేదు" అని రాసేవాళ్లు. రాత్రి భోజనం ఆరున్నరకే పెట్టేసేవాళ్లు, వంటమనిషి ఏడింటికి వెళ్లిపోవాలి కాబట్టి. మళ్లీ పొద్దున ఎనిమిదింటికి టిఫిన్. మధ్యలో పదమూడు గంటల పైన. రాత్రి రెండింటికి లేచి బియ్యం డబ్బా వెతికే మనిషికి ఆకలి కూడా వేస్తుందేమో అని నాకు ఇంట్లో ఉన్నప్పుడు తట్టనే లేదు.

తిండి చెడ్డదేం కాదు. సాంబారులో బెల్లం వేస్తారు, అది మా అనంతపురం నోటికి సయించదు. బుధవారం రాగిముద్ద చేసేవాళ్లు. ఆ రోజు మాత్రం "సంగటి బాగుండాది" అని అడిగి ఇంకో ముద్ద పెట్టించుకునేది. ఆదివారం నేను చెనక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) చిన్న డబ్బాలో తీసుకెళ్లేదాన్ని. బయటి తిండి పెట్టకూడదని బోర్డుంది. ఆయాలు చూడనట్టు ఉండేవాళ్లు, తర్వాత వాళ్లకూ కొంచెం ఎక్కువ చేసి తీసుకెళ్లడం మొదలుపెట్టాను.

చీర వద్దు, నైటీలు పంపండి అన్నారు. ఆరు కొని పేరు రాసి ఇచ్చాను. ఎప్పుడు వెళ్లినా అమ్మ ఒంటి మీద ఇంకొకరి నైటీ ఉండేది. అన్నీ ఒకే మెషిన్లో ఉతికి, పొడవు చూసి తొడిగేసేవాళ్లు. కట్టుడు పళ్లు రెండో నెలలో పోయాయి. వాటికోసం ఇల్లంతా వెతికారు, పాపం. మూడో రోజు పక్క మంచం ముసలావిడ దిండు కింద దొరికాయి.

ఇక జుట్టు సంగతి. ఆగస్టులో ఒక మధ్యాహ్నం నేను మీటింగులో ఉండగా వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది: హెయిర్ కట్ చేయించవచ్చా మేడమ్ అని. చివర్లు కత్తిరిస్తారేమో అనుకున్నానో, అసలు ఏమీ అనుకోలేదో గుర్తులేదు. బొటనవేలు బొమ్మ పెట్టేశాను. ఆదివారం వెళ్తే అమ్మకు మగపిల్లాడి క్రాఫు. తల స్నానం సులువట, పేలు పట్టవట. ఎనభై ఒక్క ఏళ్ల మనిషికి జడ ఎంతుంటుంది, ఎలుక తోకంత. కానీ ఆ తోకకే రోజూ కొబ్బరినూనె రాసి, రిబ్బను కట్టి, ఏ పువ్వు దొరికితే ఆ పువ్వు పెట్టుకునేది. నన్ను చూడగానే చెయ్యి మెడ వెనక్కి పోనిచ్చి తడుముకుంటూ, "నా జడ యాడికి పాయ పాపా?" అని అడిగింది. దాదాపు నెల రోజులు, వెళ్లినప్పుడల్లా అదే ప్రశ్న. అడిగి అనుమతి తీసుకున్నారు కాబట్టి వాళ్లను ఏమీ అనలేను. ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్‌లో ఉంది.

అక్టోబరులో, పెన్షన్ కోసం ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ పని పడింది. ఎనభై దాటినవాళ్లు నవంబరు దాకా ఆగక్కర్లేదు, అక్టోబరు 1 నుంచే ఇవ్వచ్చు. వేలిముద్రలు అరిగిపోయాయి, మెషిన్ తీసుకోలేదు. ఫోన్‌లో ముఖం చూపించే పద్ధతి ఉంది కదా అని మొదలుపెట్టాను. ముఖం గుండ్రంలోకి రాగానే కళ్లు ఆర్పమని అడుగుతుంది. "అమ్మా, కళ్లు మూసి తెరువు" అంటే మూసేది. తెరిచేది కాదు, కునుకు తీసేది. అలా పదకొండుసార్లు. పన్నెండోసారి పక్కన ఎవరో స్టీలు గ్లాసు కింద పడేశారు, ఉలిక్కిపడి కళ్లు తెరిచింది, అయిపోయింది. మా అమ్మ బతికే ఉందని కేంద్ర ప్రభుత్వం ఒప్పుకుంది.

ఆ హోమ్‌లో కెమెరాలు ఫోన్‌లో చూసుకునే ఆప్ ఇచ్చారు. బ్యాంకులో కౌంటర్ ఖాళీ అయినప్పుడల్లా తెరిచేదాన్ని. పదకొండింటికి చూస్తే అమ్మ హాల్లో కుర్చీలో కూర్చొని ఉంది. రెండింటికి చూస్తే కూర్చొని ఉంది. నాలుగున్నరకు కూడా. నాకు ఎంతో నెమ్మదిగా ఉండేది. తమ్ముడికీ ఆ బొమ్మే పంపేదాన్ని, "చూడు, ఎంత ప్రశాంతంగా ఉందో" అని. ఇంటి దగ్గర ఒక్కచోట కుదురుగా ఉండని మనిషి ఇక్కడ ఇంత కుదురుగా ఎలా ఉంది అని మాత్రం అనుకోలేదు. డిసెంబరులో ఒకరోజు బొమ్మ పెద్దది చేసి చూశాను. నడుం చుట్టూ తిప్పి కుర్చీ వెనక ముడివేసిన చున్నీ కనపడింది.

అదే రోజు పర్మిషన్ పెట్టి వెళ్లాను. ముడి విప్పించి లేవమన్నాను. లేవలేకపోయింది. మోకాళ్లు వణికి మళ్లీ కూలబడింది. తొమ్మిది నెలల క్రితం మూడంతస్తులు దిగి స్టేషన్‌కి బయల్దేరిన మనిషి. పడుకోబెట్టి చూస్తే నడుం కింద, వెన్నెముక చివర, రూపాయి బిళ్లంత మేర తోలు లేచిపోయి ఎర్రగా ఉంది.

మేనేజర్‌ని ఎన్ని మాటలు అనాలో అన్నీ అన్నాను. అతను ఎదురు మాట్లాడలేదు. ఫైలు తెచ్చి ముందు పెట్టాడు. ఎర్ర పెన్ను, రెండు గీతలు. "మీరే కదా మేడమ్ చెప్పారు" అన్నాడు. తప్పించుకోవడానికే అన్నాడు, నాకు తెలుసు. మనిషిని కుర్చీకి కట్టమని నేను చెప్పలేదు. కానీ ఆ ఇంట్లో ఆరు నెలలుగా మా అమ్మకు జరిగిందంతా నేను అడిగిన ఒక్క కోరిక తీర్చడమే. పడలేదు. నాకు కావలసింది నాకు ఇచ్చారు. అమ్మకు ఏం కావాలో అడిగినవాళ్లు లేరు, వాళ్లలో నేనూ ఉన్నాను.

డాక్టరమ్మ పుండు చూసి ఇది రెండో దశ, ఎముకదాకా పోతే నాలుగు అంది. రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, గాలి పరుపు వెయ్యాలి, తడి తగలకూడదు, పప్పూ గుడ్డూ పెంచాలి. అన్నీ కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితం పట్టుకొని హోమ్‌కి వెళ్లి కూర్చుంటే, నాకు వచ్చింది లెక్కలే కాబట్టి, లెక్క వేశాను. రాత్రిపూట ఆ అంతస్తుకు ఒకే ఆయా. పద్నాలుగు మంది, అందులో తమంతట తాము కదల్లేనివాళ్లు తొమ్మిది మంది. పక్క మార్చి, డైపర్ చూసి, మళ్లీ సర్దడానికి మనిషికి పది నిమిషాలు. తొమ్మిది మందికి గంటన్నర. రెండు గంటలకొకసారి అంటే ఆ పిల్ల ప్రతి రెండు గంటల్లో గంటన్నర బరువులు ఎత్తుతూనే ఉండాలి, పన్నెండు గంటలు, ఒంటరిగా. జరగదు. జరిగినట్టు రిజిస్టర్లో మాత్రం రెండు గంటలకొక టిక్కు ఉంది, అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో.

2024 ఫిబ్రవరిలో వేరే హోమ్‌కి మార్చాం. ఫిజియో చెప్పిన చోటు. ఈసారి ఫోన్ చెయ్యకుండా మధ్యాహ్నం మూడింటికి వెళ్లి హాల్లో గంట కూర్చున్నాను. మధ్యాహ్నం మూడు అన్నది ఏ హోమ్‌కైనా ముస్తాబు లేని వేళ. స్నానాల ఫినాయిల్ వాసన పోయి అసలు వాసన వస్తుంది. టీవీ ఎవరి కోసం మోగుతోందో తెలుస్తుంది. అక్కడ ఇద్దరు ముసలివాళ్లు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు, సగం కింద పడేస్తున్నారు. ఒకాయన పంచె తనే సరిచేసుకుంటున్నాడు, ఆయా పక్కన నిలబడి చూస్తోంది, చెయ్యి వెయ్యలేదు. రెండు నిమిషాల్లో అయ్యే పని పది నిమిషాలు పట్టింది. అది చూసి సగం నిర్ణయం అయిపోయింది. ఈసారి అడిగినవి: రాత్రి ఎంతమంది ఉంటారు, రాత్రి ఆకలంటే ఏం ఇస్తారు, స్నానం ఎన్నింటికి, అందరికంటే పాత ఆయా వచ్చి ఎన్నేళ్లు, తెలుగు ఎవరికి వచ్చు.

అందరికంటే పాత ఆయా వచ్చి తొమ్మిదేళ్లు. ఆమెది బాగేపల్లి. కర్ణాటకే గానీ ఆ వైపు ఇళ్లలో తెలుగే. మొదటి రోజు అమ్మ మంచం పక్కన కూర్చొని "బువ్వ తింటివా అవ్వా?" అంది. అమ్మ ఆమె ముఖంలోకి కాసేపు చూసి, "నువ్వు తింటివా?" అని ఎదురు ప్రశ్న వేసింది. హోమ్‌లో చేర్చాక అమ్మ నన్ను కాక ఇంకొకరిని ప్రశ్న అడగడం, నేను వినగా, అదే మొదలు.

ఇదేదో స్వర్గం అనుకోవద్దు. చేపల తొట్టి లేదు, కెమెరా ఆప్ లేదు, వెనక గది పైకప్పు వానకు కారుతుంది, ఓనరు కోపిష్టి, బిల్లు రెండు రోజులు ఆలస్యమైతే ఉదయాన్నే ఫోన్ చేస్తాడు. మేం చేరిన నెలకే బెంగళూరులో ఆ ఏడాది నీళ్ల కరువు ముదిరింది. బోరు ఎండిపోయింది, ట్యాంకరు చెప్పిన రోజు రాదు. మన ఫ్లాట్లలో నీళ్లు రాకపోతే బయట తిని సర్దుకుంటాం, పద్దెనిమిది మంది డైపర్లు వేసుకునే ఇంట్లో నీళ్లు రాకపోతే ఊహించుకోండి. స్నానాలు రోజు మార్చి రోజు, మిగతా రోజుల్లో తడిగుడ్డ. ఉతకాల్సిన దుప్పట్లు కొన్ని వారాలు ఇళ్లవాళ్లమే తీసుకెళ్లాం. శనివారాల్లో మా కారు డిక్కీ నిండా ముసలివాళ్ల దుప్పట్లు.

పుండు మానడానికి రెండున్నర నెలలు పట్టింది. కాళ్లకు ఇంకా ఎక్కువ. ముందు మంచం అంచున కూర్చోవడం, తర్వాత కమ్మీ పట్టుకొని నిలబడడం, పది అంకెలు లెక్కపెట్టడం. అమ్మ అంకెలు మరిచిపోయింది గానీ స్టేషన్ల పేర్లు వరసగా చెప్పేది, కాబట్టి ఫిజియో అంకెలు మానేసి స్టేషన్లు పట్టుకున్నాడు. కన్నడబ్బాయి, గుంతకల్లు నుంచి డోన్ దాకా నేర్చేసుకున్నాడు. జూన్‌కి వాకర్‌తో ఇరవై అడుగులు.

జూలైలో పడింది. బాత్రూం గడప దగ్గర. నుదుటి మీద మూడు కుట్లు. పది నిమిషాల్లో ఓనరు ఫోన్ చేశాడు, ఎలా పడింది, ఎవరు పక్కన ఉన్నారు, ఏ ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు, అన్నీ చెప్పాడు. నేను వెళ్లేసరికి బాగేపల్లి ఆయా ఆస్పత్రి బయట నిలబడి ఉంది, నేను తిడతానని కాచుకొని. "నడిస్తే పడతారమ్మా" అంది, నేల చూస్తూ. నేనేమీ అనలేదు. తమ్ముడు ఆ రాత్రి ఫోన్‌లో హోమ్ మార్చేద్దామా అన్నాడు. వద్దన్నాను. అంత ధైర్యంగా చెప్పాను గానీ వారం రోజులు నిద్ర పట్టలేదు.

కాల్ బాయ్ సంగతి ఆ ఆయా దగ్గరే తేలింది. మేం ఇంట్లో ఎన్ని చెప్పి చూశాం! నాన్న పోయాడమ్మా అంటే అప్పుడే విన్నట్టు ఏడ్చేది. కాల్ బాయ్ రాలేదమ్మా అంటే నేను అబద్ధం చెప్తున్నానని కోపం. మొదటి హోమ్‌లో రాత్రి నిద్రమాత్ర ఇచ్చేవాళ్లు, పగలంతా మగతగా ఉండేది. ఈమె ఏం చేస్తోందో ఒక రాత్రి నేను అక్కడే ఉండి చూశాను. అమ్మ లేచి, "కాల్ బాయ్ వచ్చినాడు, క్యారియర్ కట్టల్ల" అంది. ఆయా చాప మీద నుంచి లేవకుండానే, "బండి రెండు గంటలు లేటంటవ్వా. గుత్తిలో నిలిపేసినారంట. అంతలోపల కట్టేద్దాంలే, పండుకో" అంది. అమ్మకు కోపం రాలేదు. "ఈ గూడ్సులు ఎప్పుడూ ఇంతే" అని గొణుక్కుని పక్కకు తిరిగి పడుకుంది. గుత్తి పేరు ఈమెకు ఎలా తెలుసంటే, పగలు పెసలు ఏరుతూ అమ్మే చెప్పిందట. వింటూ ఉంటుంది కదా, తొమ్మిదేళ్లుగా అదే పని.

ఆమె జీతం 15 వేలు. పన్నెండు గంటల డ్యూటీ, తిండి, పడక అక్కడే. ఒకసారి విడిగా డబ్బు ఇవ్వబోతే ఓనరు చూస్తే ఊరుకోడని వెనక్కి ఇచ్చేసింది. చీర ఇస్తే తీసుకుంది.

ఈ ఏడాది ఎండాకాలంలో కూతురి కాన్పని ఊరికి వెళ్లింది. నెల అంది, మూడు నెలలైంది, ఇక రాదని ఇప్పుడు అందరికీ తెలుసు. ఆమె చోట జార్ఖండ్ నుంచి ఒకమ్మాయి వచ్చింది, ఇరవై ఏళ్లుంటాయేమో. తెలుగు ఒక్క ముక్క రాదు. మొదటి వారం అమ్మ రాత్రుళ్లు మళ్లీ నిద్రపోలేదు. నేను ఆ అమ్మాయిని కూర్చోబెట్టి కాల్ బాయ్, గార్డు, క్యారియర్, అంతా నాకొచ్చిన హిందీలో చెప్పాను. తెలుగు మాటల్ని హిందీ అక్షరాల్లో ఒక అట్టముక్క మీద రాసి మంచం తలవైపు అంటించాను: బండి లేటు అవ్వా, పండుకో.

మొన్న రాత్రి రెండుంబావుకు ఫోన్ మోగింది. ఆ అమ్మాయే. గుండె ఆగినంత పనైంది. "దీదీ, ఏం కాలేదు. మీరు రాసింది చదివాను. కానీ దాదీ తిరిగి ఏదో అడుగుతోంది, నాకు అర్థం కావట్లేదు" అంది హిందీలో. ఫోన్ అమ్మ దగ్గర పెట్టమన్నాను.

"ఎంతసేపు లేటంట?" అంటోంది అమ్మ.

"రెండు గంటలు" అన్నాను.